పదిహేనేళ్లు నిండిన బైక్‌కు ఆర్‌సీ రెన్యువల్: దరఖాస్తు విధానం, తనిఖీకి ముందు బండిలో చూసుకోవాల్సినవి

2010, 2011లో కొన్న బళ్లు ఇప్పుడు వరసగా పదిహేనేళ్ల గడప దాటుతున్నాయి. హీరో, హోండా విడిపోక ముందు రెండు పేర్లూ కలిపి ట్యాంకు మీద రాసుకుని వచ్చిన చివరి బళ్లు కూడా వీటిలోనే ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే ముందు ఆర్‌సీ బయటికి తీసి, రిజిస్ట్రేషన్ ఎప్పటివరకు చెల్లుతుందో తేదీ చూడండి. మీరు సెకండ్ హ్యాండ్‌లో ఎప్పుడు కొన్నారన్నది లెక్క కాదు. బండికి మొదటిసారి రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి పదిహేనేళ్లు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 41వ సెక్షన్ ప్రకారం సొంత వాడకం బండికి తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. "పదిహేనేళ్లు దాటితే తుక్కు కింద ఇచ్చేయాల్సిందేనట" అని ఊళ్లో అనుకుంటుంటారు, అది మనకు వర్తించదు. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద ఆంక్షలు ఢిల్లీ ప్రాంతానికి సంబంధించినవి, కోర్టు, గ్రీన్ ట్రిబ్యునల్ ఆదేశాలతో వచ్చినవి. ప్రభుత్వ శాఖల వాహనాలకు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి దేశమంతటా పదిహేనేళ్ల తర్వాత రెన్యువల్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ మీ సొంత బైక్ కండిషన్‌లో ఉంటే నిశ్చింతగా రెన్యువల్ చేయించుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం ఆలోచించాలి. బ్రిటన్‌లో బైక్‌కు మూడేళ్లు నిండగానే ఏటా తనిఖీ తప్పదు. అక్కడ బైకులు ఫెయిలయ్యే కారణాల్లో మొదట ఉండేది ఇంజన్ కాదు, లైట్లూ ఇండికేటర్లూ. మన దగ్గర సొంత బైక్‌ను షోరూమ్ నుంచి బయటికొచ్చాక పదిహేనేళ్ల దాకా ఏ అధికారీ పరీక్షించడు. ఈ మధ్యలో బండి ముగ్గురు చేతులు మారి ఉండొచ్చు, రెండుసార్లు పడి ఉండొచ్చు. అందుకే ఈ తనిఖీని ఓ తంతులా చూడొద్దని నా మనవి. దాని మీద వెళ్లేది మీరు, మీ వెనక కూర్చునేది మీ ఇంటివాళ్లు.

కాగితాలు ముందు సర్దుకోండి

పాత బండి రెన్యువల్ ఆగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గరే. ఇంజన్ దగ్గర ఆగేవి తక్కువ.

మొదటిది పేరు. పన్నెండేళ్ల బండిని తెలిసినవాళ్ల దగ్గర కొని, పేరు మార్చుకోకుండా నడిపేవాళ్లు చాలామంది. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే దరఖాస్తు వాళ్లే పెట్టాలి. కాబట్టి ముందు ఫారం 29, ఫారం 30తో పేరు మార్పించుకోండి. అసలు యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 ఉంటుంది. నాన్నగారి బండిని ఆయన జ్ఞాపకంగా నడుపుకునేవాళ్లు ఇది వాయిదా వేస్తుంటారు. చెల్లుబాటు తేదీ దగ్గరపడ్డాక మొదలుపెడితే రెండు పనులూ ఒకేసారి నెత్తిన పడతాయి.

రెండోది పాత అప్పు. వాయిదాలన్నీ ఎప్పుడో కట్టేసినా ఆర్‌సీలో హైపోథెకేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, అలాగే మిగిలిపోయి ఉంటుంది. దాన్ని తీయించాలంటే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), సంతకం చేసిన ఫారం 35 కావాలి. పదిహేనేళ్ల కిందటి బ్యాంకు ఇప్పుడు ఆ పేరుతో ఉండకపోవచ్చు. ఆర్‌సీ మీద స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని ఉంటే, అది 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంక్ అని ఉంటే, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇప్పుడున్న బ్యాంకుకే వెళ్లాలి. పాత లోన్ నంబరు గానీ చివరి వాయిదా రసీదు గానీ దొరికితే పని తొందరగా అవుతుంది. ఇంట్లో పాత ఫైళ్లు ఓసారి దులపండి.

ఇన్సూరెన్స్ కనీసం థర్డ్ పార్టీ అయినా అమల్లో ఉండాలి. పెండింగ్ చలాన్లు కట్టేయండి. ఆధార్‌లో ఉన్న పేరూ ఆర్‌సీలో ఉన్న పేరూ సరిపోతున్నాయో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పూర్తిగా ఉండి తిరగాల్సి వచ్చినవాళ్లను చూశాను. ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరే లింకై ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బీఎస్-4, బీఎస్-6 అనే కొత్త కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బళ్లకు అది ఏడాది చెల్లుతుంది. టూవీలర్లన్నింటికీ బీఎస్-4 వచ్చింది 2017లో. కాబట్టి పదిహేనేళ్లు నిండిన మీ బండికి ఆరు నెలలే. 2000 మార్చి తర్వాత తయారైన ఫోర్ స్ట్రోక్ బైక్‌కు ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 4,500 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని భాగాలు) దాటకూడదు. మా ఇంట్లో 2010 నాటి బండిని తీసుకెళ్తే మొదటిసారి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ చూపించింది. మెకానిక్ ప్లగ్ విప్పి చూపించాడు, కాటుకలా నల్లగా ఉంది. "గాలి ఆడట్లేదు తమ్ముడూ, పెట్రోలు మాత్రం తాగేస్తోంది" అన్నాడు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. ఫిల్టర్ మార్చి, కార్బొరేటర్ శుభ్రం చేసి ట్యూనింగ్ చేశాక మర్నాడు పాసయింది, మైలేజీ కూడా పెరిగింది. సైలెన్సర్ నుంచి నీలంగా పొగ వస్తుంటే మాత్రం ఫిల్టర్‌తో పోయేది కాదు. ఆయిల్ మండుతోందన్నమాట, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో చూపించాలి. ఇంకో చిన్న మాట: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పరీక్షకు వెళ్లొద్దు, నాలుగైదు కిలోమీటర్లు నడిపి వెళ్లండి.

బండిని ఇంటి దగ్గరే పరీక్షించండి

తనిఖీకి తీసుకున్న స్లాట్‌కు రెండు వారాల ముందు ఓ సాయంత్రం చీకటి పడుతుండగా బండి వెనక చక్రాన్ని ఏదైనా గోడ వైపు పెట్టి ఆపండి. ఇంజన్ స్టార్ట్ చేసి కాలి బ్రేకు నొక్కండి, గోడ మీద ఎరుపు గట్టిగా పడాలి. వదిలేసి, ఈసారి చేతి బ్రేకు ఒక్కటే నొక్కండి. ముందు బ్రేకుకు స్విచ్ ఉన్న బళ్లలో దానికీ లైటు వెలగాలి. మా బండికి వెలగలేదు. చిన్న స్విచ్ పాడైంది, ఎన్నేళ్ల నుంచి అలా ఉందో కూడా తెలియదు. నేను ముందు బ్రేకు వేస్తున్నానని అన్నేళ్లూ నా వెనక వచ్చిన బస్సులకు, లారీలకు తెలియనే లేదని ఆ గోడ దగ్గర నిలబడి ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. ఇండికేటర్లు నాలుగూ చూడండి, ఒకవైపు మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటుంటే ఆ వైపు ఒక బల్బు పోయి ఉంటుంది. హెడ్‌లైట్ బ్రైట్, డిమ్ రెండూ పనిచేయాలి. 2010 నాటి బండికి స్విచ్‌తో ఆరిపోయే హెడ్‌లైట్ ఉండటం తప్పేం కాదు, ఎప్పుడూ వెలిగే లైటు నిబంధన 2017 తర్వాతి బళ్లకే.

టైరు గాడి లోతు టూవీలర్‌కు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. గాడి బాగుందని సంతోషపడొద్దు. టైరు పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 1413 అని ఉంటే 2013లో 14వ వారం తయారైందని అర్థం. తక్కువ తిరిగిన బళ్లలో గాడి కొత్తగా కనిపిస్తుంది కానీ రబ్బరు గట్టిపడి, పక్కల సన్నటి పగుళ్లు వస్తాయి. వానాకాలంలో జారేది అలాంటి టైరే. మార్చేయండి.

డ్రమ్ బ్రేకు అయితే వెనక చక్రం దగ్గర బ్రేకు రాడ్ కలిసే చోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. పూర్తిగా బ్రేకు నొక్కినప్పుడు ఆ బాణం డ్రమ్ ప్లేటు మీది గుర్తు దాకా వచ్చేస్తే బ్రేకు షూలు అయిపోయినట్టు. నట్టు బిగించి గడిపేయకండి. మెయిన్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేచేలా పట్టుకుని హ్యాండిల్ నెమ్మదిగా ఇటూ అటూ తిప్పండి. మధ్యలో గాట్లో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) మార్పించాలి.

చాలామంది మరిచిపోయేది శారీ గార్డ్. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే హ్యాండిల్, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. కుర్రాళ్లు అందం కోసం విప్పి అటక మీద పడేస్తారు. వెతికి బిగించండి. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుని జరిగే ప్రమాదాలు మనకు కొత్త కాదు. అద్దాలు రెండూ పెట్టండి. శబ్దం కోసం మార్చిన సైలెన్సర్ ఉంటే కంపెనీది మళ్లీ వేయించండి. బండికి వేరే రంగు వేయించి ఉంటే, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

ఛాసిస్ నంబరు చాలా బళ్లలో హ్యాండిల్ మెడ దగ్గర చెక్కి ఉంటుంది. పదిహేనేళ్ల దుమ్మూ గ్రీజూ కలిసి అట్టకట్టి కనిపించదు. పాత టూత్ బ్రష్ కిరోసిన్‌లో ముంచి మెల్లగా రుద్దండి. గరుకు కాగితంతో అస్సలు గీకొద్దు. అంకె అరిగిందంటే ఎవరో దిద్దారేమోనన్న అనుమానం వస్తుంది, ఆ టెన్షన్ మీకెందుకు? శుభ్రమయ్యాక తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే నంబరు అచ్చు పడుతుంది. ఆర్‌సీలోని నంబరుతో అంకె అంకె పోల్చుకోండి. రాతలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే తెలిస్తే మంచిది.

దరఖాస్తు, రుసుం

దరఖాస్తు ఫారం 25. చెల్లుబాటు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు, అంతకన్నా ముందు తీసుకోరు. ఆంధ్రప్రదేశ్‌లో కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ పోర్టల్‌లో బండి నంబరు, ఛాసిస్ నంబరు చివరి ఐదు అంకెలు ఇచ్చి రిజిస్ట్రేషన్ రెన్యువల్ సేవ ఎంచుకోవాలి. తెలంగాణలో రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ తీసుకోవాలి. రుసుం ఆన్‌లైన్‌లోనే కట్టి, రసీదు, ఫారం ప్రింట్ తీసి పెట్టుకోండి. చేతకాకపోతే మీ సేవ కేంద్రానికి వెళ్లొచ్చు. రాష్ట్ర విభజనకు ముందు హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో రిజిస్టరై, ఏపీ 09, ఏపీ 36 వంటి నంబర్లతో ఉన్న బళ్లు తెలంగాణ బళ్లే, నంబరు మార్చుకోవాల్సిన పనిలేదు.

2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన మోటార్ సైకిల్ రెన్యువల్ రుసుం 1,000 రూపాయలు. 2025 ఆగస్టు సవరణతో ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2,000 అయింది. స్మార్ట్ కార్డు, సర్వీస్ చార్జీలు వేరు. ఆలస్యం చేస్తే నెలకు 300 చొప్పున పడుతుంది, ఎనిమిది నెలలు ఊరుకుంటే 2,400 అంటే అసలు రుసుంకన్నా ఎక్కువ. వీటికి తోడు రాష్ట్రం వేసే హరిత పన్ను ఉంటుంది, బండి వయసు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. చేతికి రసీదు వచ్చేది ఎంతకో అంతే ప్రభుత్వానికి చేరేది. దానికి రెండింతలు అడిగే ఏజెంట్ చేసేది కూడా ఇదే ఫారం నింపడం.

ఆర్‌సీ గడువు తీరిన బండితో రోడ్డెక్కితే మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అంతకన్నా పెద్ద బాధ ఇన్సూరెన్స్‌ది. దొంగతనం జరిగే నాటికి తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయిందన్న కారణంతో ఓ కారు క్లెయిమ్‌ను సుప్రీం కోర్టు 2021లో తోసిపుచ్చింది.

బెంగళూరులోనో చెన్నైలోనో ఏడాదికి పైగా మన నంబరు బండి నడుపుతున్నవాళ్లది వేరే దారి. ఇక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తీసుకుని, అక్కడ ఫారం 27తో కొత్త నంబరు తీసుకోవాలి. గడువు దగ్గరపడకముందే ఆ పని చూసుకుంటే మేలు.

తనిఖీ రోజు

స్లాట్ చీటీలో రాసిన చోటికే బండి తీసుకెళ్లండి. హెల్మెట్ మరవొద్దు. ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆధార్, రసీదు ఒకే కవర్లో పెట్టుకోండి. మన పెద్దవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) గానీ అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ (ఏఎంవీఐ) గానీ ఇంజన్, ఛాసిస్ నంబర్లు సరిచూసి, లైట్లు, హారన్, బ్రేకులు, టైర్లు, నంబరు ప్లేటు పరిశీలిస్తారు. పాత బళ్లకూ హై సెక్యూరిటీ ప్లేటు అడుగుతున్నారు, ముందే బుక్ చేసి బిగించుకుంటే ఆ మాట రాదు.

ఏదైనా లోపం చెబితే వాదించొద్దు. సరిగ్గా ఏం మార్చాలో అడిగి రాసుకోండి, బాగుచేయించి మళ్లీ చూపించండి. చాలాసార్లు అది ఒక బల్బు, ఒక కేబుల్, ఒక అద్దం. అసలు రెన్యువలే తిరస్కరిస్తే, చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం కారణాలు రాసిన ఉత్తర్వు కాపీ మీకు ఇవ్వాలి. 57వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు ఉంది. నోటి మాటతో "కాదు పొమ్మన్నారు" అని వెనక్కి వచ్చేయకండి.

పాసయితే ఐదేళ్లకు కొత్త తేదీతో ఆర్‌సీ వస్తుంది. డిజిలాకర్‌లో కొత్త తేదీ ఎక్కిందో లేదో చూసి, ఇన్సూరెన్స్ కాగితంలోని వివరాలతో ఓసారి పోల్చుకోండి. బండి ఇక నడపలేమనుకుంటే దాన్ని పెరట్లో తుప్పు పట్టనివ్వకుండా, నమోదైన స్క్రాపింగ్ (తుక్కు) కేంద్రానికి అప్పగించి, అప్పగించినట్టు రుజువుగా ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆర్‌సీ రద్దు చేయించండి. పాత ఇనుము కొనేవాళ్లకు ఊరికే ఇచ్చేస్తే బండి ముక్కలైపోయినా రికార్డుల్లో అది ఇంకా మీ పేరు మీదే తిరుగుతుంటుంది.