అమ్మమ్మ కప్పుల అడుగున – మూడో పాఠం: జపాన్ ముద్రలు

పాత పింగాణీ కప్పుల అడుగున ఉన్న ముద్రను బట్టి వాటి వయసు కట్టడం నేర్చుకుంటున్నాం. పోయిన పాఠంలో ఇంగ్లండ్ సరుకు చూశాం. అక్కడి రాయల్ డౌల్టన్ కంపెనీ 1928 నుంచి వేసిన ముద్రలో సింహం, కిరీటం పక్కన చిన్న అంకె ఉంటే దానికి 1927 కలపమన్నాను, తయారైన ఏడాది వస్తుంది. జపాన్ కప్పులకు అంత సుళువైన లెక్క లేదు. అయినా నాకు ఇవే ఇష్టం.

కప్పునూ సాసర్‌నూ రెండింటినీ బోర్లించండి. ముద్రలు వేరువేరుగా ఉంటే కంగారు పడొద్దు. మా అమ్మమ్మ సెట్టులో ఆరు కప్పులకు రెండు రకాల సాసర్లు. పగిలినప్పుడల్లా దొరికినదాన్ని జతచేశారన్నమాట. ఏది దేని జతో తేలేదాకా సెట్టు మొత్తానికి ఒకే వయసు కట్టకండి.

ఇక దేశం పేరు ఎలా రాశారో చూడండి. 1890లో అమెరికా మెకిన్లీ సుంకాల చట్టం తెచ్చింది. దాని ప్రకారం 1891 నుంచి అక్కడికి వెళ్ళే సరుకు మీద అది తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలి. జపాన్ వాళ్ళు తమ దేశాన్ని తాము పిలుచుకునే 'నిప్పన్' అనే పేరే వేశారు. 1921లో అమెరికా కస్టమ్స్ వాళ్ళు, అది ఇంగ్లీషు మాట కాదు పొమ్మన్నారు. అప్పటి నుంచి 'జపాన్', 'మేడ్ ఇన్ జపాన్' వచ్చాయి. 'ఆక్యుపైడ్ జపాన్', అంటే పరాయి సేనల ఆక్రమణలో ఉన్న జపాన్, అని ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952లోపు తయారైనది.

ఒక్క మాట. ఇది అమెరికా పెట్టిన నిబంధన. ఎవరో తాతగారు రంగూన్‌లోనో మద్రాసులోనో కొన్న కప్పు దానికి లోబడి ఉండాలని లేదు. దేశం పేరు కనిపించనంత మాత్రాన 1891కి ముందుదని మురిసిపోకండి. 'నిప్పన్' ముద్రకు నకిలీలూ ఉన్నాయి.

జపాన్ పింగాణీ కంపెనీల్లో నోరిటాకే ఒకటి. ఆ పేరు అప్పట్లో నగోయా నగరం దగ్గరున్న ఒక ఊరిది. కంపెనీ అక్కడ 1904లో మొదలైంది. పాత ముద్రలో ఆకుల దండ మధ్య 'ఎమ్' అక్షరం ఉంటుంది, స్థాపించిన మొరిమురా కుటుంబం పేరు మీద. 1953 నుంచి అదే దండలోకి 'ఎన్' వచ్చింది. అరిగిన ముద్రలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, భూతద్దం తప్పదు. యుద్ధం ముగిశాక కొన్నాళ్ళు సరుకు నాణ్యత తమకే నచ్చక, ఆ పేరు వేయకుండా 'రోజ్ చైనా' అని వేసి అమ్మారు. ఆ నిజాయితీ కోసమైనా అలాంటి కప్పు దొరికితే దాచుకుంటాను. నోరిటాకే కిందే 'శ్రీలంక' అని ఉంటే అది 1972కి ముందుది కాదు. అక్కడి ఫ్యాక్టరీ ఆ ఏడాదే పెట్టారు.

ఇప్పుడు ఖాళీ కప్పును దీపానికి ఎదురుగా ఎత్తి లోపలికి చూడండి. కొన్ని జపాన్ కప్పుల అడుగున ఒక గీషా, అంటే ఆటపాటలతో అతిథులను అలరించే జపాన్ స్త్రీ, ముఖం మెల్లగా తేలుతుంది. అది రంగుతో వేసింది కాదు. పింగాణీని కొన్నిచోట్ల పలచగా, కొన్నిచోట్ల మందంగా పోశారు, వెలుగే బొమ్మ గీస్తుంది. దీన్ని లిథోఫేన్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు కప్పు చేజారినంత పనైంది.

ముద్ర మసకగా ఉందని చింతపండు పెట్టి తోమకండి. అంచున బంగారు గీత కూడా పోతుంది. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు.

ఈ వారం పని: ముద్ర మీద వేలు ఆడించండి. గరుకుగా తగిలితే గాజులాంటి పైపూత మీద వేసింది, తగలకపోతే పూత కింద ఉన్నట్టు. ఏ కప్పుకు ఏదో నోటుపుస్తకంలో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో జర్మనీలోని మైసెన్ పింగాణీ వాళ్ళ ముద్ర, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉన్న రెండు కత్తులు, చూస్తాం, ఆ రాతలు అక్కడ అక్కరకొస్తాయి.