పెరట్లో తెల్లటి పిట్ట కనిపిస్తే ఏం చూడాలి?

ఓ పొద్దున మిర్యాలగూడలో మా పెరటి జామచెట్టు మీద తెల్లటి పిట్ట వాలింది. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని పిట్ట అనుకుని, "అల్బినో!" అని ఇంట్లో అందరినీ లేపేశాను. తీరా చూస్తే పక్కవీధి వాళ్ల పెంపుడు పావురం. అప్పట్నుంచి నిదానంగా, ఈ వరుసలోనే చూస్తున్నాను.

మొదట, సహజంగానే తెల్లగా ఉండేవాటిని పక్కన పెట్టండి. సాగర్ ఎడమ కాలువ కింద పొలాల్లో ట్రాక్టర్ వెంట నడిచే కొంగలు ఈ లెక్కలోకి రావు. గోరింక ఎగిరినప్పుడు రెక్కల్లో మెరిసే తెల్లమచ్చ, ఊరకాకి మెడ చుట్టూ ఉండే బూడిద రంగు కూడా మామూలే.

తర్వాత అది ఏ పిట్టో తేల్చుకోండి. రంగును కాసేపు మరిచిపోయి సైజు, ముక్కు, అరుపు గమనించండి. తెల్లదైనా గోరింక గోరింకలతోనే తిరుగుతుంది, నేల మీద అడుగులేసి నడుస్తుంది. పిచ్చుక గెంతుతుంది.

ఇప్పుడు కన్ను చూడండి. అసలు గుట్టంతా అక్కడే ఉంది. ఈకలకు నలుపు, గోధుమ రంగులిచ్చేది మెలనిన్. అది ఒంట్లో ఎక్కడా తయారు కాకపోతే కంట్లోనూ ఉండదు, లోపలి నెత్తురు ఛాయ పైకి కనిపించి కన్ను ఎర్రగా ఉంటుంది. అదీ అల్బినో అంటే. వీటికి చూపు సరిగా ఆనదు, ఎక్కువ రోజులు బతకడం కష్టం. కన్ను మామూలుగా ఉండి ఈకలు మాత్రమే తెల్లగా ఉంటే దాన్ని ల్యూసిజం అంటారు. ముక్కును చూసి మాత్రం తేల్చేయకండి. గోరింక ముక్కు, కాళ్ల పసుపు మెలనిన్‌ది కాదు, తిండి ద్వారా వచ్చే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలది. అందుకే అల్బినో గోరింకకు కూడా ముక్కు పసుపే!

పాలు ఎక్కువైన టీ రంగులో ఉందా? అయితే రెక్క విప్పేదాకా ఆగండి. కొన్ని పిట్టల్లో మెలనిన్ సగం పాకానికే ఆగిపోయి ఈకలు గోధుమ రంగులో వస్తాయి. అవి ఎండకు తొందరగా వెలిసిపోతాయి. మన నల్లగొండ మే నెల ఎండ సంగతి చెప్పాలా? పైన దాదాపు తెల్లగా మారినా, ఎండ తగలని మడతల్లో పాత రంగు దొరుకుతుంది.

కాకి రెక్కల్లో తెల్లచారలుంటే సరైన తిండి దొరకక వచ్చినవి కావచ్చు. ఈకలు రాలి కొత్తవి వచ్చాక నల్లబడతాయి. ఏటేటా తెలుపు పెరుగుతుంటే మాత్రం మన జుట్టు నెరిసినట్టే అనుకోండి. చిలుకది వేరే కథ: మెలనిన్ పోతే తెల్లబడదు, పసుపవుతుంది.

దగ్గరగా చూడాలంటే వెంటపడొద్దు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి నీడలో పెట్టండి. పొద్దున ఎండ ముదరకముందే కదలకుండా కూర్చోండి. ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు స్క్రీన్ మీద పిట్టను తాకి వెలుతురు కొంచెం తగ్గించండి. లేదంటే కన్నూ ఈకలూ ఏమీ తెలియవు, తెల్లటి ముద్ద మిగులుతుంది. కన్ను కనిపించే ఫొటో ఒకటి, రెక్క విప్పిన ఫొటో ఒకటి, తేదీ, చాలు.

ఫొటో గ్రూపుల్లో పెట్టినా మీ వీధి పేరు పెట్టకండి. వింత పిట్ట అనగానే వల పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలుకనైనా, గోరింకనైనా పట్టి పంజరంలో పెట్టడం నేరం, అది ఏ రంగులో ఉన్నా సరే.