డ్రిల్ ప్రెస్‌తో చదరపు బెజ్జాలు: బిగించే ముందు చూసుకోండి

దసరా దగ్గరపడుతోంది, బెంగళూరు షెడ్లలో తలుపుల పని జోరందుకుంది. మార్టైజింగ్ అటాచ్‌మెంట్ (డ్రిల్ ప్రెస్‌కు తగిలించే సెట్; బోలు చదరపు ఉలి, దాని లోపల తిరిగే బిట్ ఉంటాయి) వాడే మనవాళ్లకు ఈ జాగ్రత్తలు.

బిట్ కొన ఉలి నోటి కంటే 1–2 మి.మీ. కిందికి ఉండాలి. ఉలి భుజానికి, దాన్ని పట్టే హోల్డర్‌కు మధ్య రూపాయి నాణెం పెట్టి, బిట్‌ను ఉలి నోటికి ఆనేదాకా పైకి నెట్టి చక్ (బిట్‌ను పట్టుకునే భాగం) బిగించండి. తర్వాత నాణెం తీసి ఉలిని పైకి నెట్టి బిగించండి. బిట్, ఉలి రాసుకుంటే వేడికి నీలం తిరిగి పదును పోతుంది, సెట్ కొత్తది కొనాల్సి రావచ్చు.

చక్ తాళం తీశాకే స్విచ్. గ్లోవ్స్ వద్దు, చుట్టుకుంటాయి.

హోల్డ్-డౌన్ (చెక్కను కిందికి అదిమిపట్టే భాగం) గట్టిగా ఉండాలి, లేచేటప్పుడు ఉలి చెక్కను పైకి లాగుతుంది.

ఉలి ముఖం ఫెన్స్‌కు (చెక్క ఆనే అడ్డపట్టీకి) సమాంతరంగా ఉండాలి, లేకుంటే బెజ్జం అంచు మెట్లుమెట్లుగా వస్తుంది.

టేకుకు స్పీడ్ తగ్గించండి. కొంచెం దిగి, పైకెత్తి, పొట్టు రాలనిచ్చి మళ్లీ దిగండి.