చలికాలంలో కస్టర్ స్టేట్ పార్కుకు బైసన్‌లను చూడ్డానికి ఎలా వెళ్లాలి?

క్రిస్మస్ సెలవులు దగ్గర పడ్డాయంటే డెన్వర్‌లో మనవాళ్లంతా యెల్లోస్టోన్ నేషనల్ పార్కు అంటారు. చలికాలంలో అక్కడ మామూలు కార్లకు తెరిచి ఉండేది ఉత్తరాన గార్డినర్ నుంచి కుక్ సిటీ వైపు వెళ్లే రోడ్డొక్కటే. లోపలికి వెళ్లాలంటే స్నోకోచ్‌కో (మంచు మీద నడిచే వ్యాను), స్నోమొబైల్‌కో డబ్బు పొయ్యాలి. సౌత్ డకోటాలోని కస్టర్‌లో ఆ గొడవ లేదు. పెద్ద మంచు తుఫాను వస్తే తప్ప 18 మైళ్ల వైల్డ్‌లైఫ్ లూప్ రోడ్డు తెరిచే ఉంటుంది. 1914లో తెచ్చి వదిలిన 36 బైసన్‌లు (అమెరికా అడవి దున్నలు) ఇప్పుడు వెయ్యి దాటిన మంద. పైగా తెల్లటి మంచు మీద నల్లటి జంతువు మైలు దూరం నుంచే కనిపిస్తుంది. వేసవిలో వెళ్లి జనాన్ని చూసి వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలి.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. మంచుకు పనికొచ్చే టైర్లు, ఐస్ గీకే స్క్రేపర్, చిన్న పార, దుప్పట్లు, 8x42 బైనాక్యులర్స్, పులిహోర, ఫ్లాస్కులో టీ. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఎంట్రన్స్ లైసెన్స్, అంటే పార్కు ప్రవేశ టికెట్, ఆన్‌లైన్‌లో కొనండి.

దారి: ఐ-25 మీద షయెన్, అక్కడి నుంచి యూఎస్-85 మీద లస్క్, ఆపైన యూఎస్-18 పట్టుకుని హాట్ స్ప్రింగ్స్. రోడ్లు బాగుంటే ఆరు గంటలు. లస్క్‌లో సగం ట్యాంకు ఉన్నా సరే, నింపాల్సిందే. బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చెప్పే వ్యోమింగ్ 511 చూడండి. అక్కడ గాలికి మంచు లేస్తే హైవేకి గేటు వేసేస్తారు, బతిమాలినా తియ్యరు. రాత్రికి హాట్ స్ప్రింగ్స్‌లోనో, కస్టర్ ఊళ్లోనో బస చెయ్యండి. పార్కులోని కొండదారి నీడిల్స్ హైవే ప్లాను పెట్టుకోవద్దు, చలికాలమంతా మూసే ఉంటుంది.

డిసెంబరులో తెల్లవారేది ఏడుంపావు దాటాక, నాలుగున్నరకల్లా చీకటి. అందుకని ఏడింటికే లూప్‌కు తూర్పు కొసనున్న స్టేట్ గేమ్ లాడ్జ్ హోటల్ దగ్గరుండాలి. 1927 వేసవిలో అధ్యక్షుడు కూలిడ్జ్ మకాం పెట్టింది అక్కడే. లూప్‌ని పొద్దున ఈ వైపు నుంచే మొదలుపెట్టాలి, సాయంత్రమైతే పడమటి కొసనున్న బ్లూ బెల్ వైపు నుంచి. అలాగైతే సగం దారిలో ఎండ మీ వెనక ఉంటుంది, ఎదురెండలో ఏ జంతువైనా నల్లటి మచ్చే. స్పీడు 20 మైళ్లు దాటొద్దు. ప్రాంగ్‌హార్న్‌లు, మ్యూల్ డీర్, అదృష్టముంటే ఎల్క్ కనిపిస్తాయి. ఎండ కాసిన రోజు ప్రెయిరీ డాగ్స్ కూడా పైకొస్తాయి. ఎలుగుబంట్లు లేవు, పిల్లలకు ఆశ పెట్టకండి.

ఇక అందరూ పాడు చేసే ఘట్టం: మంద రోడ్డెక్కినప్పుడు. లోతు మంచులో నడవడం కంటే మంచు తీసేసిన రోడ్డు మీద నడక తేలిక కాబట్టి అవి ఎక్కి తీరతాయి. దూరంగా కనిపించగానే మెల్లగా వేగం తగ్గించి, 100 గజాల ముందే ఆగండి. సడన్ బ్రేకు వద్దు, నీడ పడిన మలుపుల్లో కంటికి కనిపించని ఐస్ ఉంటుంది. పక్కకు తిప్పి అంచున ఆపుదామనుకోవద్దు, ఆ మంచు కింద కాలువ ఉందో గొయ్యి ఉందో మీకు తెలియదు. మీ లేన్‌లోనే హజార్డ్ లైట్లు వేసుకుని ఉండండి.

తర్వాత చెయ్యాల్సింది ఏమీ లేదు, అదే మనవాళ్లకు చేతకాదు. ఊళ్లో రోడ్డు మీది గేదెకు హారన్ కొట్టిన చేయి ఇక్కడా హారన్ మీదికే పోతుంది. కొట్టకండి. పోతు 900 కిలోల దాకా ఉంటుంది, గంటకు 35 మైళ్లు పరిగెత్తుతుంది. మంద మధ్యలోంచి కారు దూర్చి తల్లినీ దూడనీ విడదియ్యకండి. అవే మీ వైపు నడిచొస్తే కదలకుండా ఉండండి, పక్కనుంచి పోతాయి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారుకంటితే కొన్ని దాన్ని నాకుతాయి, నాకనివ్వండి. పెయింటు గురించి టెన్షన్ పడి అద్దం దించి అదిలించకండి.

తోక చూడండి. వేలాడుతుంటే పర్లేదు. నిలువుగా లేచిందా, కాలితో నేల గీకుతోందా, బుసలు కొడుతోందా, దానికి కోపమొచ్చినట్టే. వెనక కారు లేకపోతే నిదానంగా రివర్స్ చెయ్యండి, ఉంటే అలాగే ఉండండి. సెల్ఫీ కోసం తలుపు తియ్యడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు "పాపం సాధువుగానే ఉందమ్మా" అన్నా సరే, చైల్డ్ లాక్ వేసెయ్యండి. అరటిపండు విసరడమూ వద్దు.

ఇరవై నిమిషాలు పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. ఇంజను ఆపేసి, చలేసినప్పుడు కాసేపు హీటర్ కోసం స్టార్ట్ చేసుకోండి. ఆఖరిది దాటిందనుకున్నాక కూడా రెండు నిమిషాలు ఆగండి. వెనకబడ్డ దూడలు పరుగున వస్తాయి.

మధ్యాహ్నం కాస్త నిద్రపోయి మూడింటికి రెండోసారి లూప్ తిరగండి. తిరుగు ప్రయాణం మర్నాడు పగటిపూటే పెట్టుకోండి, చీకటి పడితే యూఎస్-85 నిండా జింకలే. ఇంటికొచ్చాక కారు అడుగుభాగం కూడా కడిగించండి, ఉప్పుకు తుప్పు పడుతుంది.