చిన్న కొట్టులో కొలువు: పరదేశం వెళ్లిన మన జిల్లాల వారికి

సోంపేట, టెక్కలి, బొబ్బిలి వైపు నుంచి విదేశాలకు వెళ్లేవారందరూ పెద్ద కంపెనీల్లోనే చేరరు. నలుగురైదుగురు పనిచేసే వెల్డింగ్ షెడ్డులో, కిరాణా కొట్టులో, భోజన హోటల్లో కుదురుకునేవారూ ఉన్నారు. ఇది వారికోసం.

పలాస జీడి పరిశ్రమలోనో విజయనగరం బట్టల కొట్టులోనో చేసినవారికి షావుకారుతో వ్యవహారం కొత్త కాదు. నియామక పత్రం ఉండదు. ఇంట్లో పెళ్లయితే అడ్వాన్సు ఇస్తాడు, సంక్రాంతికి నోటిమాట మీదే సెలవిస్తాడు, ఆ అడ్వాన్సు తీరేదాకా మనల్ని కదలనివ్వడు. అక్కడి చిన్న యజమానీ మంచివాడే కావచ్చు. కానీ తగవు వస్తే అధికారి చూసేది కాగితాన్నే.

చేరగానే ఆ సంస్థలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. మీ హక్కులు కొన్ని ఆ సంఖ్యను బట్టే ఉంటాయి. ఆస్ట్రేలియాలో 15 మందికి తక్కువైతే అది చిన్న వ్యాపారం. అన్యాయంగా తీసేశారని ఫిర్యాదు చేయడానికి పెద్ద సంస్థలో 6 నెలల సర్వీసు చాలు, చిన్నదాంట్లో ఏడాది నిండాలి. ఆ ఫిర్యాదుకు తీసేసిన నాటి నుంచి గడువు 21 రోజులే. జర్మనీలో తొలగింపు నుంచి కాపాడే చట్టం సాధారణంగా 10 మందికి మించి ఉన్నచోటే, అదీ 6 నెలల సర్వీసు దాటాకే వర్తిస్తుంది. అయినా “రేపటి నుంచి రావద్దు” అని నోటితో చెబితే అక్కడ చెల్లదు, సంతకం పెట్టిన కాగితం చేతికివ్వాలి.

సింగపూర్‌లో కొట్టు చిన్నదన్న సాకు పనికిరాదు. జీతం చీటీ 2016 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. ముఖ్యమైన షరతులు చేరిన 14 రోజుల్లో రాసివ్వాలి. నెల ముగిసిన 7 రోజుల్లోగా జీతం అందాలి. ఓవర్‌టైం హక్కున్న కార్మికులకు వారానికి 44 గంటలు దాటిన పనికి గంటకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. చిన్నచోట హాజరు యంత్రం ఉండకపోవచ్చు కాబట్టి, వచ్చిన వేళ, వెళ్లిన వేళ మీ నోటుపుస్తకంలో ఏ రోజుకారోజు రాసుకోండి.

గల్ఫ్‌లో అన్నిటికన్నా ముందు చూడవలసింది వీసా రకం. కువైట్‌లో ఇంటిపనివారికి ఇచ్చేది 20వ నంబరు, ప్రైవేటు సంస్థలకు 18వ నంబరు. ఇంటిపని వీసా మీద తీసుకెళ్లి కొట్టులో నిలబెడితే పట్టుబడేది మీరే. ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం ప్రొబేషన్ 6 నెలలకు మించకూడదు. “భద్రంగా ఉంచుతాను” అంటూ యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడానికీ వీల్లేదు.

మనవాళ్ల కొట్టులో చేరితే మరింత జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. వరసలు కలిపి బాబాయ్ అని పిలిచే మనిషిని జీతం చీటీ అడగడానికి నోరు రాదు. ఆదివారం కూడా రమ్మంటే కాదనలేము. పైగా గదీ ఆయనదే, కూరా ఆయన ఇంటిదే. గది అద్దె, భోజనం ఖర్చు జీతంలో కోస్తారా, ఎంత కోస్తారు అన్నది మొదటి వారంలోనే మాట్లాడుకోండి. ముఖం మీద అడగలేకపోతే ఫోనులో సందేశం పెట్టండి. జవాబు వస్తే అదే మీకు రుజువు. ఈ మాటకే నొచ్చుకునే బాబాయ్ దగ్గర డబ్బు పేచీ తప్పదని ముందే తెలిసిపోతుంది.

ఇంకా బయల్దేరనివారు ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాంగ శాఖ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూడండి. సర్వీసు రుసుం రూ.30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోవడానికి వీల్లేదు.

మానేయాలనుకుంటే గల్ఫ్‌లో చెప్పకుండా వెళ్లిపోకండి. యజమాని పరారీ కేసు పెట్టగలడు. రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి నకలు ఉంచుకోండి. జీతం ఆగితే ముందు అక్కడి కార్మిక శాఖకు, తర్వాత భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. ఊళ్లోని మీవాళ్లు కూడా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో మీ తరఫున ఫిర్యాదు చేయవచ్చు. అందుకోసం పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంచి వెళ్లండి.