సున్నాలు లెక్కపెట్టకుండా తలసరి జీడీపీ
గ్రూప్స్‌కి చదివే మా తమ్ముడు తలసరి జీడీపీ (దేశంలో ఏడాదికి జరిగే మొత్తం ఉత్పత్తి విలువలో సగటున ఒక్కో మనిషికి వచ్చే వాటా) లెక్కల్లో ఎప్పుడూ సున్నాల దగ్గరే తప్పేవాడు. నిన్న తిరుపతి బస్టాండులో బస్సు కోసం చూస్తూ ఈ దారి పట్టుకున్నాం. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు కదా! జీడీపీని ట్రిలియన్ డాలర్లలో, జనాభాను కోట్లలో రాసి భాగించండి, జవాబు లక్షల డాలర్లలో వస్తుంది.

2023లో మనది సుమారు 3.6 ట్రిలియన్లు, జనం 143 కోట్లు: 0.025, అంటే 2,500 డాలర్లు. జపాన్‌కి 4.2ని 12.4తో భాగిస్తే 0.34, అంటే 34 వేలు. మొత్తంలో పక్కపక్కనే ఉన్నా మనిషికొచ్చేసరికి పదమూడు రెట్ల పైనే తేడా!

ఎవరు ఎలా బతుకుతున్నారో పోల్చాలంటే మాత్రం ఇది చాలదు. అలిపిరి దగ్గర ప్లేటు ఇడ్లీ తినే డబ్బుకి టోక్యోలో టిఫిన్ రాదు. అప్పుడు కొనుగోలు శక్తి ప్రకారం సవరించిన పీపీపీ అంకెలే తీసుకోండి.