పేపర్ కోస్తుంది, చాప దగ్గర ఆగిపోతుంది
జపాన్ కత్తి: కొనడం, సాన పట్టడం – 4వ పాఠం

ఈసారి కిస్సాకి, అంటే మొన భాగానికి సాన పట్టడం చెప్తానని మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా. మూడో పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోలు చూశాక, మిమ్మల్ని మొన జోలికి పంపాలంటే భయమేసింది. ఈ కత్తితో కోత ప్రాక్టీస్ చేసేది నీళ్ళలో నానబెట్టి చుట్టిన చాప మీద కదా, అక్కడే దాదాపు అందరి ఫిర్యాదూ ఒకటే: "కత్తి న్యూస్‌పేపర్‌ని సర్రున కోస్తోంది, చేతి మీద వెంట్రుకలు గొరుగుతోంది. నానబెట్టిన చాప మీద వేస్తే మాత్రం సగంలో ఇరుక్కుపోతోంది. ఇంకా పదును పెట్టాలా సార్?"

వద్దు. పదును చాలినంత ఉంది. చెడిపోయింది ఆకారం.

ఆ ఫోటోల్లో ఒకదాన్ని చూద్దాం. వాదర పొడవునా మిల్లీమీటరు వెడల్పున అద్దంలా మెరిసే పట్టీ ఒకటి కనిపిస్తోంది. అది మొదలయ్యే చోట, స్కేలు పెట్టి గీసినట్టు ఒక మెట్టు. పంపినాయన ఎంతో గర్వంగా పంపారు. ఆ మెట్టే దొంగ. వంటింటి కత్తిని 20 డిగ్రీల కోణంలో పట్టి ఉంచే గైడ్ దొరుకుతుంది కదా, దాన్నే ఈ పొడుగు కత్తికీ వాడేశారు. రాయి మీద కత్తిని ఎలా ఆనించాలో మూడో పాఠంలో ఒక పేరా అంతా అదే చెప్పాను. గైడ్ మాట అందులో ఎక్కడా లేదు.

లెక్క చూడండి. మామూలు ప్రాక్టీస్ కత్తి వెడల్పు 30 మిల్లీమీటర్లు అనుకుందాం. షినోగి, అంటే కత్తి పక్కన పొడుగునా సాగే గట్టు, వాదరకి సుమారు 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ మందం 6.5 అనుకుంటే, గట్టు నుంచి వాదర దాకా తిన్నగా గీత గీసినప్పుడు ఒక్కో వైపు కోణం 9 డిగ్రీలకు కాస్త పైన వస్తుంది. నిజం కత్తిలో ఆ గీత తిన్నగా ఉండదు, కొంచెం ఉబ్బుగా ఉంటుంది. వాదర దగ్గరికి వచ్చేకొద్దీ కోణం మెల్లగా పెరుగుతుంది, ఎక్కడా మెట్టు ఉండదు. ఆ ఉబ్బుని 'నికు' అంటారు. చాపలకే పరిమితమైన కత్తుల్లో అది తక్కువ. పచ్చి వెదురు కోసే కత్తుల్లో ఎక్కువ, లేకపోతే వాదర పెచ్చులూడుతుంది.

ఇప్పుడు మీ కత్తి సంగతి. 9 డిగ్రీల మీద వస్తున్న ఉపరితలం చివరి మిల్లీమీటరులో హఠాత్తుగా 20కి తిరిగింది. పేపర్ కోసేటప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే మొదటి వెంట్రుకవాసి తగలగానే పేపర్ విడిపోయి పక్కకి తప్పుకుంటుంది. తడిసిన చాప చుట్ట తప్పుకోదు. కత్తి లోపలికి దిగినంతసేపూ రెండు పక్కల నుంచీ గట్టిగా నొక్కుతూనే ఉంటుంది. ఆ మెట్టు ప్రతి పోగునీ పక్కకి తోస్తూ, మీరు ఇచ్చిన ఊపంతా అక్కడే తినేస్తుంది. కట్టెలు చీల్చే గొడ్డలి పచ్చి మొద్దులో దిగబడి రాకుండా మొరాయించినట్టే ఇదీ. అప్పుడు మీరేం చేశారు? పదును చాల్లేదనుకుని మళ్ళీ అదే గైడ్‌తో ఇంకాస్త రుద్దారు. పట్టీ వెడల్పు పెరిగింది, మెట్టు ఇంకా పైకి, మందం ఎక్కువున్న చోటికి జరిగింది. అందుకే ఇద్దరు ముగ్గురు "పదును పెట్టేకొద్దీ కోత తగ్గుతోంది" అని రాశారు. తగ్గక ఏం చేస్తుంది?

దీనికి తోడు ఇంకో తంటా. కుడిచేతి వాటం వాళ్ళకి ఒక వైపు బాగా కుదురుతుంది, రెండో వైపు తేలిపోతుంది. ఒక పక్క పట్టీ వెడల్పు, రెండో పక్క సన్నం. అలాంటి కత్తి చాపలో తిన్నగా పోదు. పట్టీ ఎక్కువున్న పక్క నుంచి అవతలి పక్కకి తిరుగుతుంది. కోసిన ముఖం చదునుగా రాకుండా గరిటెతో తోడినట్టు గుంటపడుతుంది. దోజోలో, అంటే ప్రాక్టీస్ చేసే చోట, గురువుగారు చూసి "హసుజి (వాదర కోత దారిలోనే తిన్నగా సాగడం) తప్పింది, మణికట్టు తిప్పుతున్నావు" అంటారు, మీరు నెలల తరబడి మణికట్టు మీద పడతారు. తప్పు చేతిదా, కత్తిదా తేల్చడానికి నేను వాడే అడ్డదారి ఒకటి ఉంది. కుడి భుజం నుంచి ఏటవాలుగా ఒక కోత, ఎడమ భుజం నుంచి ఒక కోత వేయండి. కోత రెండుసార్లూ పైకే వంగితే తప్పు చేతిది, లాగేస్తున్నారన్నమాట. ఒకసారి పైకి, ఒకసారి కిందికి వంగితే అనుమానం కత్తి మీద పెట్టుకోండి. రెండు కోతల్లోనూ కత్తి తన ఒకే చెంప వైపు తిరుగుతోంది, ఆ చెంప ఒకసారి పైన ఉంటుంది, ఇంకోసారి కింద ఉంటుంది.

ఇక బాగుచేసే పని. రాయి మీద అలవాటు లేని వాళ్ళకి ఈసారి రాయి వద్దు. పాత మౌస్‌ప్యాడ్ ముక్కని చిన్న చెక్కకి అంటించి, దాని మీద నీళ్ళతో వాడే ఎమరీ పేపర్ చుట్టండి. 400, 800, 1500 నంబర్లు చాలు. మెత్తటి ప్యాడ్ కాస్త లోపలికి అణుగుతుంది కాబట్టి ఉబ్బు దానంతటదే వస్తుంది. పెద్ద తొగిషిలు, అంటే జపాన్ కత్తులకి సాన పట్టడమే వృత్తిగా ఉన్నవాళ్ళు, చూస్తే నవ్వుకుంటారు. నవ్వనివ్వండి, వాళ్ళ కత్తి వేరు, మన కత్తి వేరు.

షినోగి గట్టు మీద మాస్కింగ్ టేప్ వేయండి. అది గుండ్రబడితే మళ్ళీ రాదు. కత్తిని బల్ల మీద గుడ్డ వేసి బిగించండి, వాదర అవతలి వైపు ఉండాలి. గట్టి గ్లవ్స్ తప్పనిసరి. వాదర నుంచి సెంటీమీటరు మేర నల్ల మార్కర్ పూయండి. బ్లాకుని వీపు వైపు నుంచి వాదర వైపుకి తోయండి, చివర పైకి ఎత్తి వెనక్కి తెచ్చుకోండి. రుద్దుతూ వెనక్కి లాగితే కాగితం చిరుగుతుంది, వేలు కూడా. ముందు మెట్టు మీది ఇంకు పోతుంది, మెట్టుకి వీపు వైపునా, వాదర దగ్గరా ఇంకు మిగులుతుంది. అదే కావలసింది. మెట్టు కరిగిపోయి రెండు వైపులా కలిసేదాకా 400తోనే ఉండండి, తొందరపడి 800కి పోకండి. అవతలి పక్క బొటనవేలి మెత్తతో వీపు నుంచి వాదర వైపుకి మెల్లగా జారిస్తే సన్నటి ముల్లులాంటి బర్, అంటే వాదర అంచున మడతపడిన ఉక్కు, తగలాలి. తగిలాక కత్తి తిప్పండి. రెండో పక్కా అన్నే సార్లు. 800, 1500 ఆ బర్‌ని తగ్గించడానికే. చివర తోలు మీద రెండు మూడుసార్లు రాస్తే అయిపోయింది.

మొత్తం కత్తికి చేయక్కర్లేదు. కోసేది మోనౌచి, అంటే మొన నుంచి వచ్చే పై మూడో వంతు. హబాకి, అంటే కత్తి మొదట్లో ఉండే లోహపు తొడుగు, దాని పక్కనుండే నాలుగు వేళ్ళ మేర నేనైతే మొద్దుగానే వదిలేస్తాను.

ఒకాయన కత్తిని వీధిలో సైకిల్ మీద వచ్చే సాన పట్టేవాళ్ళకి ఇచ్చారట. చక్రం వేడికి వాదర నీలం రంగు తిరిగితే అక్కడ ఉక్కు గట్టితనం పోయినట్టే, ఇక ఏ రాయీ దాన్ని తిరిగి తేలేదు. ఇంకొకరు ఎమరీ పేపర్ తగలగానే హామోన్, అంటే వాదర పొడుగునా కనిపించే అలలాంటి గీత, చెరిగిపోయిందని కంగారుపడ్డారు. చెరిగిపోయిందంటే అది యాసిడ్‌తో వేసిన బొమ్మ అన్నమాట. మట్టి పూసి, కాల్చి నీళ్ళలో ముంచిన కత్తిలో హామోన్ ఉక్కు లోపలే ఉంటుంది, రుద్దితే మసకబారుతుందే తప్ప పోదు. అయినా కొత్తవాళ్ళు దాని కోసం డబ్బు పోయడం నాకు నచ్చదు. అలాంటి కత్తి తప్పు కోతకి వంగితే వంగినట్టే ఉంటుంది. 9260 లాంటి స్ప్రింగ్ స్టీల్ చాలావరకు తిరిగి తిన్నగా వస్తుంది. 1060 కూడా పర్లేదు, చివరి రెండంకెలు కార్బన్ 0.60 శాతమని చెప్తాయి. గాడి ఉన్న కత్తి సరిగ్గా ఊపితే ఈల వేస్తుందని సరదాపడి కొంటారు, చాపల పనికి గాడి లేనిదే మేలు.

ఇయాయితోకి, అంటే పదును లేని ప్రాక్టీస్ కత్తికి, సాన పట్టొచ్చా అని అడిగారు. పట్టకూడదు. అది జింకు, అల్యూమినియం కలిపి పోతపోసింది, చాపకి తగిలితే విరిగి ఎగిరిపోవచ్చు. గోడకి తగిలించే స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తి కూడా అంతే. తాతల నాటి నిహొంతో, అంటే జపాన్‌లోనే చేసిన అసలు కత్తి, ఇంట్లో ఉందన్నవారికి ఒకటే మాట, ఎమరీ పేపర్ దాని గదిలోకి కూడా తీసుకెళ్ళకండి, తొగిషికి ఇవ్వండి. లాంగ్‌చ్వాన్‌లో చేసిన చైనా కత్తిని జపాన్ పట్టుకెళ్ళి ప్రాక్టీస్ చేద్దామనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి. అక్కడ 1958 నాటి చట్టం కింద బయటి దేశపు ఉక్కు కత్తికి రిజిస్ట్రేషన్ దొరకదు. మన దగ్గర 9 అంగుళాలు దాటిన కత్తులు 1959 ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తాయి, లైసెన్సు అవసరమా కాదా అన్నది ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. ఆర్డర్ పెట్టకముందే మీ ఊరి పోలీసుల దగ్గర కనుక్కోండి, దిగుమతి సంగతి కూడా అప్పుడే అడగండి.

చాప గురించి రెండు ముక్కలు. తతామి, అంటే జపాన్ ఇళ్ళలో నేల మీద పరిచే చాప, దొరకనివాళ్ళు తుంగచాప వాడొచ్చు, ప్లాస్టిక్ దారంతో అల్లింది మాత్రం వద్దు. చుట్టి, కట్టి, రాత్రంతా నీళ్ళలో ముంచి, పొద్దున గంటో రెండు గంటలో నిలబెట్టి నీరు కారనివ్వండి. కోత అవ్వగానే కత్తి తుడవాలి, ఆ నీటికి తుప్పు ఇట్టే పడుతుంది. తుడిచాక కుట్టు మిషన్ నూనె పల్చగా రాయండి. కొబ్బరినూనె వద్దు, జిగటగా పేరుకుంటుంది.

వచ్చే పాఠానికి పని. గురువుగారి ఎదురుగా, ముందూ పక్కనా మనుషులు లేకుండా చూసుకుని, మెకుగి, అంటే కత్తిని పిడిలో పట్టి ఉంచే వెదురు చీల, బిగువుగా ఉందో లేదో ప్రతిసారీ నొక్కి చూసుకుని, ఎనిమిది చాపలు కోయండి. మెట్టు కరిగించకముందు నాలుగు, తర్వాత నాలుగు. ఒక్కో చాప మీద కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి. కోసిన ప్రతి ముఖం మీదా స్టీల్ స్కేలు నిలబెట్టి, సందులోంచి వెలుతురు కనిపించేలా వెనక టార్చి పెట్టి ఫోటో తీయండి. ఏది కుడి, ఏది ఎడమ, ఏది ముందు, ఏది తర్వాత అన్నది చాప మీదే మార్కర్‌తో రాయండి. కత్తి ఫోటోలు మాత్రం ఈసారి పంపకండి.